వేగం – వేడి – బ్రేకు: రోడ్డు మీదా ట్రాకు మీదా నడిచే కార్ల సంరక్షణ



వార్షికోత్సవ సంచికకు పాఠంలాంటి వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గంలోని తమ్ముళ్ళు అడిగారు. మేము చదువుతున్న మెకానికల్ ఇంజనీరింగు నుంచే ఒక విషయం తీసుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. కారు మాట అటుంచి, స్కూటరు కూడా లేని ఇల్లు మాది. అలాంటి మేము రేసు ట్రాకు మీద నడిపే కార్ల గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఈ విషయమంతా మీరు 9, 10 తరగతుల్లో చదివే భౌతికశాస్త్రమే. గతిశక్తి, ఘర్షణ, పాస్కల్ నియమం, మరిగే ఉష్ణోగ్రత, వాయువుల పీడనం ఇవన్నీ ఒకే కారులో కనబడతాయి. రెండవది, మన హాస్టళ్ళ నుంచి ఏటా ఎంతోమంది ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు, మెకానిక్ షెడ్లకు, డ్రైవింగుకు వెళుతున్నారు. మూడవది ముఖ్యమైనది. డిప్లొమా సెలవుల్లో మేము ఒక షెడ్డులో పనిచేశాం. అక్కడి మేస్త్రి చేతి పని చూస్తే ఏ ఇంజనీరయినా దండం పెట్టాల్సిందే. కాని బ్రేక్ ఆయిల్ డబ్బా మీది హెచ్చరికంతా ఇంగ్లీషులో ఉండేది. ఆయనకు అది చదవడం రాదు. మూత సరిగా బిగించని డబ్బా నెలల తరబడి బల్ల కిందే ఉండేది, అందులోదే అన్ని బండ్లకూ పోసేవారు. ఆ హెచ్చరికలో ఏముందో, దానికి ప్రాణాలతో ఎంత సంబంధముందో తెలుగులో చెప్పాలని ఈ ప్రయత్నం.

పర్ఫార్మెన్స్ కారు అంటే ఏమిటి?

వేగంగా పరుగెత్తేది, త్వరగా ఆగేది, మలుపులో పట్టు వదలనిది – ఈ మూడూ చేయగల కారును పర్ఫార్మెన్స్ కారు అంటారు. ఇంజన్ పెద్దదయితే చాలని చాలామంది అనుకుంటారు. నిజానికి చూడవలసింది శక్తికీ బరువుకీ ఉన్న నిష్పత్తి. 1,000 కిలోల కారుకు 100 హార్స్‌పవర్ ఇంజన్ ఉందనుకుందాం. టన్నుకు 100 హార్స్‌పవర్ అయింది. అదే కారులో 100 కిలోల బరువు తగ్గిస్తే టన్నుకు 111 హార్స్‌పవర్ అవుతుంది. అంటే ఇంజన్‌ను ముట్టుకోకుండానే 11 హార్స్‌పవర్ కలిసినట్టు. పైగా బరువు తగ్గితే బ్రేకుకీ టైరుకీ కూడా పని తగ్గుతుంది. హార్స్‌పవర్ పెంచితే ఆ లాభం ఉండదు.

ఇంగ్లండులో లోటస్ కంపెనీని స్థాపించిన కోలిన్ చాప్‌మన్ ఈ బరువు లెక్కనే నమ్ముకున్నాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ చిన్న ఇంజన్‌తోనే పెద్ద కార్లతో పోటీపడింది. 1989లో జపాన్ మాజ్దా కంపెనీ తెచ్చిన ఎంఎక్స్-5 కూడా అదే దారిలోది. మొదటి తరం బండి బరువు సుమారు ఒక టన్ను, ఇంజన్ 1.6 లీటర్లు. 2016 నాటికి అటువంటి బండ్లు పది లక్షలు తయారయ్యాయి. వారమంతా ఆఫీసుకు వెళ్ళే కారునే ఆదివారం ట్రాకు మీదికి తీసుకువెళ్ళే అలవాటు పశ్చిమ దేశాల్లో, జపానులో బాగా ఉంది. జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాకు 1927లో మొదలైంది. దాని ఉత్తర భాగం పొడవు 20.8 కిలోమీటర్లు. టిక్కెట్టు కొనుక్కుని మామూలు జనం తమ సొంత కారునే దాని మీద నడపవచ్చు.

మన దేశంలో మద్రాసు దగ్గరి షోలవరంలో పాత విమాన రన్‌వే మీద దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది. 2003లో కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, 2011లో ఢిల్లీ సమీపంలోని గ్రేటర్ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ మొదలయ్యాయి. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా-ఇ పోటీ జరిగింది.

మొదటి సూత్రం: వేగమంతా వేడిగా మారుతుంది

గతిశక్తి = సగం × ద్రవ్యరాశి × వేగం × వేగం. ఈ సూత్రం మీకు తెలిసిందే. 1,000 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 27.8 మీటర్ల వేగంతో పోతోంది. లెక్క కట్టితే దాని గతిశక్తి సుమారు 386 కిలోజౌళ్ళు. కారు ఆగాలంటే ఈ శక్తి ఎక్కడికైనా పోవాలి. దాదాపు అంతా బ్రేకు డిస్కుల్లో వేడిగా మారుతుంది.

ఆ వేడి ఎంతో వంటింటి లెక్కలో చూద్దాం. ఒక లీటరు నీళ్ళను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సుమారు 314 కిలోజౌళ్ళు చాలు. అంటే కారు ఒక్కసారి గట్టిగా ఆగితే పుట్టే వేడితో లీటరు నీళ్ళు కాగి, ఇంకా కొంత మిగులుతుంది. ట్రాకు మీద ఇటువంటి బ్రేకు ప్రతి మలుపుకు ముందూ వేయాలి. నిమిషానికి మూడు నాలుగుసార్లు, పదిహేను ఇరవై నిమిషాలపాటు. డిస్కు చల్లబడే వ్యవధి ఉండదు.

ఇంకో సంగతి గమనించండి. వేగం రెట్టింపయితే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో 96 కిలోజౌళ్ళున్నది 100లో 386 అయింది. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, బ్రేకు పడ్డాక 50 వేగంలో కారు ఆగే దూరం సుమారు 12 మీటర్లు, 100 వేగంలో 49 మీటర్లు. దీనికి డ్రైవరు కాలు బ్రేకు మీదికి చేరేలోగా పోయే దూరం అదనం.

మన జీవితాల్లో రేసు ట్రాకు ఎక్కడుంది? ఘాట్ రోడ్డులో ఉంది. 700 మీటర్ల ఎత్తు నుంచి 1,000 కిలోల కారు కిందికి దిగితే విడుదలయ్యే స్థితిశక్తి సుమారు 6,900 కిలోజౌళ్ళు. ఇది 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు ఆపడంతో సమానం. మనుషులు, సామాను ఎక్కితే ఇంకా ఎక్కువ. అందుకే ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరు వేసుకుని ఇంజన్ చేతనే బండిని పట్టించమని పెద్ద డ్రైవర్లు చెబుతారు. రేసు కారు గురించి ఇక ముందు చెప్పబోయే బ్రేకు సంగతులన్నీ ఘాట్ ఎక్కే టాక్సీకి, ఆటోకి, వ్యానుకి కూడా వర్తిస్తాయి.

బ్రేక్ ఆయిల్ – డబ్బా మీది హెచ్చరిక

మనం పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడి గొట్టాల్లోని ద్రవం ద్వారా చక్రం దాకా పోతుంది. ద్రవాలు నొక్కితే కుంచించుకుపోవు కాబట్టి ఇది సాధ్యం. ఇదే పాస్కల్ నియమం. వాయువులు మాత్రం కుంచించుకుపోతాయి.

మామూలు బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో ఉప్పు ఎలా చెమ్మగిల్లుతుందో ఇదీ అంతే. మూత తీసి ఉంచిన డబ్బాలోకీ, ఏళ్ళ తరబడి మార్చని బండిలోకీ తేమ చేరుతుంది. తేమ చేరినకొద్దీ మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ప్రమాణాల ప్రకారం కనీస విలువలు ఇవి:

డాట్ 3 – కొత్తది 205 డిగ్రీలు, తేమ చేరినది 140 డిగ్రీలు
డాట్ 4 – కొత్తది 230 డిగ్రీలు, తేమ చేరినది 155 డిగ్రీలు
డాట్ 5.1 – కొత్తది 260 డిగ్రీలు, తేమ చేరినది 180 డిగ్రీలు

తేమ చేరినది అంటే అందులో 3.7 శాతం నీరున్నదని అర్థం. అంత కొద్ది నీటికే 65 నుంచి 80 డిగ్రీలు తగ్గిపోతున్నాయి. డిస్కు వేడి పాడ్‌లోకి, పాడ్ నుంచి పిస్టన్‌లోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి పాకుతుంది. ఆయిల్ మరిగితే బుడగలు పుడతాయి. బుడగ ఆవిరి, అంటే వాయువు. ఇప్పుడు పెడల్ తొక్కితే బుడగ కుంచించుకుంటుంది, ఒత్తిడి చక్రానికి చేరదు. పెడల్ స్పంజిలా మెత్తబడి నేలను తాకుతుంది. అంతకు ముందు నిమిషం దాకా బాగా పనిచేసిన బ్రేకు హఠాత్తుగా లేకుండా పోతుంది. బండి చల్లారాక చూస్తే మళ్ళీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే చాలాసార్లు అసలు కారణం తెలియకుండానే డ్రైవరు మీద నింద పడుతుంది.

గుర్తుంచుకోవలసినవి:
1. మామూలు బండికి రెండేళ్ళకోసారి, లేదా బండి మాన్యువల్ చెప్పిన గడువులో బ్రేక్ ఆయిల్ మార్చాలి. ట్రాకుకు వెళ్ళే కారుకు వెళ్ళబోయే ముందే కొత్తది పోసి, గొట్టాల్లోని గాలి తీయాలి.
2. చిన్న డబ్బా కొని, సీలు తీసినది త్వరగా వాడేయాలి. మిగిలినది దాచి నెలల తరువాత పోయకూడదు.
3. డాట్ 5 అనే రకం సిలికాన్‌తో చేసినది. దానిని 3, 4, 5.1 రకాలతో కలపరాదు. అంకెలు దగ్గరగా ఉన్నాయని పొరపడవద్దు.
4. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది, కళ్ళకు హాని. పడితే వెంటనే నీళ్ళతో కడగాలి.

ఒక డబ్బా ఖరీదు కొన్ని వందల రూపాయలు. ట్రాకు కారుకు చేసే మార్పులన్నింటిలో ఇంత చవకగా ఇంత రక్షణ ఇచ్చేది ఇంకొకటి లేదు.

పాడ్లు, డిస్కులు

పాడ్‌లకు కూడా ఉష్ణోగ్రత హద్దులుంటాయి. రోడ్డు పాడ్ చల్లగా ఉన్నప్పటినుంచే పట్టుకుంటుంది, కాని బాగా వేడెక్కితే పట్టు తగ్గిపోతుంది. దీనినే ఫేడ్ అంటారు. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడితే ఆయిల్ మరిగిందని, పెడల్ గట్టిగా ఉండీ ఆగకపోతే పాడ్ వేడెక్కిందని – ఈ తేడా తెలిసినవాడే మంచి మెకానిక్.

రేసు పాడ్ దీనికి తలక్రిందులు. వందల డిగ్రీల వేడిలో చక్కగా పట్టుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మాత్రం పట్టు చాలదు, కీచుమంటుంది, డిస్కును త్వరగా అరగదీస్తుంది. పొద్దున్నే ఇంట్లోంచి తీసిన కారుకు మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర ఎవరైనా అడ్డం వస్తే రేసు పాడ్ రోడ్డు పాడ్ అంత పని చేయదు. ఖరీదైనది గనుక అన్నిచోట్లా మంచిదనుకోవడం సరికాదు. రెండు పనులూ చేసే కారుకు మధ్యరకం పాడ్ వేస్తారు, లేదా ట్రాకు దగ్గరే పాడ్లు మార్చుకుంటారు.

ట్రాకు దిగాక వేడిమీద హ్యాండ్ బ్రేకు లాగకూడదు. పాడ్ ఒకేచోట డిస్కును అంటిపెట్టుకుని ఉంటే అక్కడ మచ్చ పడి, తరువాత బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ అదురుతుంది. చివరి చుట్టు నెమ్మదిగా తిరిగి గాలికి చల్లార్చి, ఆగాక గేరులో పెట్టి, చక్రానికి దిమ్మ అడ్డు పెట్టాలి.

టైర్లు – అరచేతంత ఆధారం

కారు ఎంత పెద్దదయినా నేలను తాకేది నాలుగు చిన్న ముక్కలే. ఒక్కొక్కటి ఇంచుమించు అరచేయంత. ఇంజన్, బ్రేకు, స్టీరింగు చేసే పనంతా ఆ నాలుగు అరచేతుల ద్వారానే జరగాలి.

మలుపులో గరిష్ఠ వేగం మూడింటి లబ్ధానికి వర్గమూలం: ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్ధం. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఘర్షణ గుణకం 0.8 అయితే వేగం గంటకు 71 కిలోమీటర్లు. ట్రాకుకు పనికొచ్చే మెత్తని రబ్బరు టైరుతో అది 1.0 అయితే 80 కిలోమీటర్లు. అదే తడి రోడ్డు మీద 0.5కి పడిపోతే 56 కిలోమీటర్లే. ఈ సూత్రంలో హార్స్‌పవర్ అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. బరువు కూడా లేదు.

గాలి సంగతి. 27 డిగ్రీల వద్ద, అంటే 300 కెల్విన్ వద్ద, టైరులో 30 పి.ఎస్.ఐ. గాలి ఉందనుకుందాం. వాతావరణ పీడనం 14.7 కలిపితే 44.7. ట్రాకు మీద లోపలి గాలి 77 డిగ్రీలకు, అంటే 350 కెల్విన్‌కు చేరితే పీడనం 52.1 అవుతుంది. వాతావరణ పీడనం తీసేస్తే గేజి మీద 37కు పైగా చూపుతుంది. ఏడు పి.ఎస్.ఐ. తనంతట తానే పెరిగింది. అందుకని ట్రాకు మీద వేడిగా ఉన్నప్పుడే కొలిచి, కొద్దికొద్దిగా గాలి తీస్తారు. ఇంటికి బయలుదేరే ముందు టైరు చల్లారాక మళ్ళీ నింపాలి. నింపకుండా హైవే ఎక్కితే గాలి తక్కువైన టైరు గోడలు ఎక్కువగా వంగి వేడెక్కి పగిలే ప్రమాదముంది. మామూలు బండికి సూత్రం ఒక్కటే: గాలి ఎప్పుడూ చల్లని టైరులోనే చూసి కొట్టించాలి.

టైరు పుట్టిన తేదీ దాని పక్కగోడ మీద నాలుగంకెల్లో ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే మార్చవలసిందే.

బరువు ముందుకు వంగడం, సస్పెన్షన్

బస్సు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలుతాం కదా! కారు బరువు కూడా అలాగే ముందుకు వాలుతుంది. ఎంత అనేది లెక్క కట్టవచ్చు. బరువును బ్రేకు తీవ్రతతో, గరిమనాభి ఎత్తుతో గుణించి, ముందు వెనుక చక్రాల మధ్య దూరంతో భాగించాలి. 1,000 కిలోల కారు, ఎత్తు 0.5 మీటర్లు, చక్రాల మధ్య 2.5 మీటర్లు, బ్రేకు తీవ్రత 0.8 అయితే 160 కిలోలు ముందుకు మారతాయి. నిలిచి ఉన్నప్పుడు ముందు 600, వెనుక 400 ఉన్న కారుకు బ్రేకులో ముందు 760, వెనుక 240 అవుతాయి. ముందు బ్రేకులు పెద్దవిగా ఉండటానికి కారణం ఇదే. మోటార్‌సైకిల్‌కు ముందు బ్రేకు ముఖ్యమనడానికీ ఇదే కారణం.

ట్రాకు కోసం స్ప్రింగులు గట్టివి వేసి, కారును కొంచెం కిందికి దించి ఈ వాలుడు తగ్గిస్తారు. నున్నని ట్రాకు మీద అది మంచిదే. గతుకుల రోడ్డు మీద గట్టి స్ప్రింగు టైరును నేలనుంచి ఎగరగొడుతుంది. గాలిలో ఉన్న టైరుకు ఏ పట్టూ ఉండదు. చక్రాల పైభాగం లోపలికి వాలేటట్టు అమర్చడాన్ని నెగెటివ్ కాంబర్ అంటారు. ట్రాకు కార్లకు రెండు మూడు డిగ్రీలు పెడతారు. రోడ్డు మీద రోజూ తిప్పితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. పై నుంచి చూస్తే తెలియదు, వంగి చూడాలి. పాత షాక్ అబ్సార్బర్లు, అరిగిన బుష్‌లు మార్చకుండా కొత్త స్ప్రింగులు వేయడం పునాది బాగుచేయకుండా మేడ లేపడం వంటిది.

ఇంజన్ – ఆయిల్, నీళ్ళు, ఆ తరువాతే బలం

మన తాతల కాలంలో ఎడ్లబండి ఇరుసుకు కందెన వేయనిదే ఊరు దాటేవారు కాదు. ఇంజన్ ఆయిల్ కూడా కందెనే, కాని అది వేడిని మోసుకుపోయే పని కూడా చేస్తుంది. మలుపులో పక్కకు లాగే బలం గురుత్వబలంతో సమానమైతే ఆయిల్ ఛాంబరులో నూనె మట్టం 45 డిగ్రీలు ఒరిగిపోతుంది. నూనె ఒక పక్కకు చేరి, పీల్చే గొట్టం గాలి పీల్చితే కొన్ని క్షణాల్లో బేరింగులు కాలిపోతాయి. అందుకని ట్రాకుకు ముందు ఆయిల్ గరిష్ఠ గీత దగ్గర ఉందో లేదో చూస్తారు. ఎక్కువగా ట్రాకుకు వెళ్ళే కార్లకు ఛాంబరులో అడ్డుపలకలు వేస్తారు. ట్రాకు కిలోమీటరు మామూలు కిలోమీటరు లాంటిది కాదు, ఆయిల్ చాలా ముందుగానే మార్చాలి.

రేడియేటర్ ప్రెషర్ కుక్కర్ సూత్రం మీద పనిచేస్తుంది. లోపల ఒక బార్ అదనపు పీడనం ఉంటే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పాడయితే పీడనం నిలవదు, ముందే మరుగుతుంది. వేడిమీద మూత తీయడమంటే విజిల్ రాకముందే కుక్కర్ మూత బలవంతంగా తెరవడమే. ముఖం కాలుతుంది.

ఇంజన్ బలం పెంచడానికి ఈ రోజుల్లో కంప్యూటర్‌లోని లెక్కలు మారుస్తారు. దీనిని రీమ్యాప్ అంటారు. టర్బో ఉన్న ఇంజన్‌లో గాలి ఒత్తిడి పెంచి గణనీయంగా బలం రాబట్టవచ్చు. టర్బో లేని ఇంజన్‌కు దీనివల్ల వచ్చేది స్వల్పం. ఒత్తిడి పెరిగితే స్పార్కు మంట చేరకముందే మిగిలిన పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ నాకింగ్ చేస్తుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు, మంచి ఇంటర్‌కూలర్ లేకుండా ఇది చేయరాదు. క్లచ్చి, గేర్‌బాక్సు కూడా ఆ భారం మోయగలగాలి.

ఏది ముందు, ఏది తరువాత?

డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఈ వరుస పాటించాలి:
1. ఉన్న లోపాలు సరిచేయడం – లీకులు, అరిగిన బుష్‌లు, పాత గొట్టాలు
2. బ్రేక్ ఆయిల్, పాడ్లు
3. టైర్లు, అలైన్‌మెంట్
4. డ్రైవరుకు శిక్షణ, హెల్మెట్
5. షాక్ అబ్సార్బర్లు, స్ప్రింగులు
6. ఆయిల్, కూలెంట్ చల్లార్చే ఏర్పాట్లు
7. చివరగా ఇంజన్ బలం

చాలామంది ఏడవదానితో మొదలుపెడతారు. ఆపలేని వేగాన్ని కొనుక్కోవడం అదే.

ట్రాకు దగ్గర చక్రాల నట్లు టార్క్ రెంచితో మాన్యువల్‌లోని కొలతకు బిగించాలి. ఒకసారి తిరిగి వచ్చాక మళ్ళీ చూడాలి. కారులో వదులుగా ఉన్న సీసాలు, జాకీ, మ్యాట్లు తీసేయాలి. బ్యాటరీ కదలకుండా ఉందో లేదో చూడాలి. జెండాలు తెలుసుకోవాలి: పసుపు – ముందు ప్రమాదముంది, ఎవరినీ దాటవద్దు; ఎరుపు – పరుగు ఆపివేశారు, నెమ్మదిగా తిరిగి రండి; నీలం – వెనుక వేగమైన బండి వస్తోంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. 2019 సవరణ తరువాత అక్రమ మార్పుకు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ ఉండవచ్చు. 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు వేయడం నేరం. పందెంలో జరిగిన నష్టానికి మామూలు బీమా వర్తించదు. కాబట్టి రేసు కోసం మార్చిన కారును లారీ మీద ట్రాకుకు తీసుకువెళ్ళాలి. కారులో ఇనుప కడ్డీల పంజరం బిగించి, హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగితే చిన్న గుద్దుకే తల ఆ కడ్డీకి తగులుతుంది. ట్రాకు మీద కాపాడేదే రోడ్డు మీద గాయపరుస్తుంది.

మనకేమి లాభం?

టైర్లు, బ్రేకులు, వాహన పరీక్షలు పెద్ద పరిశ్రమలు. సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్, శ్రీసిటీ ప్రాంతంలో అపోలో టైర్ల కర్మాగారాలున్నాయి. పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. పుణేలో ఏఆర్ఏఐ, ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో నాట్రాక్స్ పరీక్షా కేంద్రాలున్నాయి. నాట్రాక్స్‌లో 11.3 కిలోమీటర్ల హైస్పీడ్ ట్రాకు 2021లో ప్రారంభమైంది. ఇంజనీరింగు విద్యార్థులే కారు రూపొందించి పోటీపడే ఫార్ములా భారత్, బాహా, సుప్రా పోటీలు దేశంలో జరుగుతున్నాయి. కాలేజీలో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ జట్లలో చేరాలి. ఖరీదైన బట్టలు, ఇంగ్లీషు చూసి వెనకాడవద్దు. స్పానర్ పట్టి, చేసిన పని నోటుబుక్కులో రాసే అలవాటున్నవాళ్ళ కోసం ఆ జట్లు ఎదురుచూస్తాయి.

ఐటీఐ చేసి షెడ్డు పెట్టుకున్న అన్నలకు ఒక మనవి. బండి వచ్చిన తేదీ, కిలోమీటర్లు, ఏ ఆయిల్ ఎప్పుడు పోశారో తెలుగులోనే ఒక పుస్తకంలో రాయండి. రేసు జట్లు ప్రతి బోల్టుకూ లెక్క రాసుకుంటాయి. ఆ పుస్తకమే మీ షెడ్డుకు పేరు తెస్తుంది.

అభ్యాసం

1. 1,200 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోంది. గతిశక్తి ఎంత?
2. ఘర్షణ గుణకం 0.8 అయితే బ్రేకు పడ్డాక ఆ కారు ఎంత దూరంలో ఆగుతుంది?
3. 80 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో అదే గుణకంతో గరిష్ఠ వేగం ఎంత?
4. ఆ కారు 500 మీటర్ల ఎత్తు నుంచి ఘాట్ దిగితే, మొదటి ప్రశ్నలోని వేగం నుంచి ఎన్నిసార్లు ఆపినట్టు?
5. టైరు మీద 0822 అని ఉంటే అర్థమేమి?

జవాబులు: 1. 240 కిలోజౌళ్ళు. 2. సుమారు 25.5 మీటర్లు. 3. గంటకు సుమారు 90 కిలోమీటర్లు. 4. సుమారు 24 సార్లు. 5. 2022వ సంవత్సరం 8వ వారంలో తయారైనది.

ఈ లెక్కలు మీ అంతట మీరు చేసి చూడండి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీకు తెలిసిన ఆటో అన్ననో, ట్రాక్టరు నడిపే మామనో బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడగండి. మార్చి రెండేళ్ళు దాటిందంటే ఈ వ్యాసంలోని ఆ భాగం చదివి వినిపించండి. పరీక్షలు రాయబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా శుభాకాంక్షలు.